పిచ్చి నటిస్తే దొరకడా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. వరుసగా హత్యలు చేసినవాడు కూడా పట్టుబడగానే పిచ్చోడిలా నటిస్తే శిక్ష తప్పించుకుంటాడని మా ఇంట్లో అంటున్నారు. అది నటనో నిజమో మీరెలా కనిపెడతారు? – ఒక పాఠకురాలు

జవాబు: నటించడం తేలికే అమ్మా, రోజుల తరబడి నటించడమే కష్టం. కోర్టు పంపిన మనిషితో ఓ గంట మాట్లాడి సర్టిఫికెట్ రాసివ్వం. వార్డులో ఉంచి రాత్రీ పగలూ గమనిస్తాం, ఇంట్లోవాళ్ళనీ ఊళ్ళోవాళ్ళనీ ముందునుంచీ ఎలా ఉండేవాడని అడుగుతాం. నటించేవాడు డాక్టరు రౌండ్స్‌కి వస్తే గోడతో మాట్లాడతాడు, మేం అటు పోగానే పక్క మంచం మనిషితో కబుర్లలో పడతాడు. నిజంగా చెవిలో గొంతులు వినబడేవాళ్ళు చాలామంది ఆ సంగతి దాస్తారు. ఆదోని వైపు నుంచి కర్నూలుకు నా దగ్గరికి వచ్చే ఒకాయన, రాత్రి రెండు దాటాక ఆ గొంతు ఆగాలని చెవులకి తువాలు బిగించి కట్టుకునేవాడు, ఆ మాట నాకు చెప్పడానికి మూడు నెలలు పట్టింది. "గొంతు వినబడితే ఏం చేస్తావ్?" అని అడిగితే నటించేవాడు అక్కడే తడబడతాడు.

అమెరికాలో కెన్నెత్ బియాంకీ అని, లాస్ ఏంజెలెస్ వైపు ఆడవాళ్ళని చంపినవాడు, 1979లో హిప్నాసిస్‌లో, అంటే మాటలతో మగతలాంటి స్థితిలోకి తీసుకెళ్ళినప్పుడు ఉన్నట్టు మాట్లాడుతూ తనలో 'స్టీవ్' అనే ఇంకో మనిషి ఉన్నాడని, హత్యలు వాడి పనేనని చెప్పాడు. కొందరు నిపుణులు నమ్మారు కూడా. మార్టిన్ ఓర్న్ అనే సైకియాట్రిస్టు మాటల్లో మాటగా, ఒకే మనిషిలో వేరువేరు మనుషులున్నట్టుండే ఈ జబ్బులో ఇద్దరే ఉండటం అరుదు అన్నాడు. అంతే, మళ్ళీ హిప్నాసిస్ చేయగానే 'బిల్లీ' అని మూడోవాడు బయటికొచ్చాడు! చివరికి నేరం ఒప్పుకున్నాడు.

అలాగని అందరిదీ నాటకమే అనుకోకండి, నాకు దీని గురించే ఎక్కువ బాధ. బొంబాయిలో వరుస హత్యలు చేసి 1968లో పట్టుబడ్డ రామన్ రాఘవ్‌ని మొదట చూసిన డాక్టరు మతి బాగానే ఉందన్నాడు, ఉరిశిక్ష పడింది. తర్వాత హైకోర్టు ముగ్గురు సైకియాట్రిస్టులకు అప్పగిస్తే, వాళ్ళు పలుమార్లు కూర్చుని మాట్లాడాక తేలింది స్కిజోఫ్రీనియా అని, అంటే లేని గొంతులు వినబడటం, లేనిపోని అనుమానాలు పుట్టడం లాంటివి ఉండే మానసిక జబ్బు. 1987లో ఆ ఉరి యావజ్జీవంగా మారింది.

ఇక శిక్ష సంగతి. జబ్బుందని మేం రాసినంత మాత్రాన సరిపోదు. చేసే పని ఏంటో, అది తప్పో చట్టవిరుద్ధమో ఆ క్షణంలో తెలియని స్థితిలో ఉన్నాడా అనేదే కోర్టు చూస్తుంది. పాత ఐపీసీలో 84వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22. కత్తి కడిగి దాచాడా, బట్టలు కాల్చాడా అని కూడా ఆరా తీస్తారు. మతి లేదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడే. రుజువైనా నేరుగా ఇంటికి వదిలేయరు, భద్రమైన చోట ఉంచమని కోర్టు ఆదేశించవచ్చు.