బడి భోజనం: న్యూయార్క్ తల్లిదండ్రుల ప్రశ్నలు, మా జవాబులు

న్యూయార్క్ నగరంలో పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చేర్చిన తెలుగు కుటుంబాల నుంచి ఈసారి భోజనం గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఒకే సందేహం నలుగురు అడిగినచోట ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: మా ఇద్దరివీ మంచి ఉద్యోగాలే. అయినా స్కూల్లో మా బాబు దగ్గర భోజనానికి డబ్బు తీసుకోవడం లేదు. పొరపాటున ఇస్తున్నారేమో? లేనివాళ్ల పిల్లల వాటా మావాడు తింటున్నాడేమోనని మనసులో పీకుతోంది. (క్వీన్స్)

పొరపాటేమీ లేదు. ఈ నగరంలోని పబ్లిక్ స్కూళ్లలో పొద్దుటి ఫలహారం 2003 నుంచి, మధ్యాహ్న భోజనం 2017 సెప్టెంబరు నుంచి పిల్లలందరికీ ఉచితం. తల్లిదండ్రుల జీతమెంతో చూడరు.

వాటా సంగతి తేలాలంటే డబ్బు ఎలా వస్తుందో తెలియాలి. స్కూలు వడ్డించిన ప్రతి భోజనానికీ ఫెడరల్ వ్యవసాయ శాఖ కొంత సొమ్ము తిరిగి చెల్లిస్తుంది. 1946 నాటి స్కూల్ లంచ్ చట్టం దీనికి మూలం. మామూలు పద్ధతిలో ప్రతి ఇల్లూ ఆదాయం ఫారం నింపాలి. దారిద్ర్యరేఖకు 130 శాతం లోపు ఉంటే ఉచితం. 130 నుంచి 185 శాతం దాకా తగ్గింపు ధర, అది మధ్యాహ్న భోజనానికి 40 సెంట్లు దాటకూడదు. ఆపైన ఉన్నవాళ్లు పూర్తి ధర కట్టాలి.

2010లో వచ్చిన చట్టం దీనికి ఇంకో దారి తెరిచింది. దాని పేరు కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్, వాడుకలో సీఈపీ. 2014–15 విద్యా సంవత్సరం నుంచి దేశమంతటా అమల్లో ఉంది. ఇందులో భోజనానికి ఫారాలుండవు. స్నాప్ (తిండి సరుకులకిచ్చే ప్రభుత్వ సాయం) లాంటివి పొందుతున్న ఇళ్ల పిల్లలు, తక్కువ ఆదాయం వల్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌లో ఉన్నవాళ్లు, ప్రభుత్వం వేరే ఇళ్లలో ఉంచి పెంచే ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లు, నిలవ నీడ లేనివాళ్లు ఎంతమందో ప్రభుత్వ జాబితాలతో స్కూలు జాబితాను పోల్చి లెక్కిస్తారు. ఏప్రిల్ 1 నాటికి స్కూల్లో నమోదైన పిల్లల్లో వీళ్లది ఎంత శాతమో చూసి, దాన్ని 1.6తో గుణిస్తారు.

వెయ్యి మంది ఉన్న బడిలో ఇలా గుర్తించినవాళ్లు 450 మంది అనుకోండి. 45 శాతాన్ని 1.6తో గుణిస్తే 72. ఆ బడి వడ్డించే ప్రతి వంద భోజనాల్లో 72కి పూర్తి ఉచిత రేటు, మిగతా 28కి పూర్తి ధర కట్టే పిల్లలకిచ్చే చిన్న రేటు వస్తాయి. మొదటిది నాలుగు డాలర్లు దాటుతుంది, రెండోది సుమారు అర డాలరే. గుర్తించినవాళ్లు 62.5 శాతానికి చేరితే నూటికి నూరు భోజనాలకూ పెద్ద రేటే. 2023 అక్టోబరు దాకా సీఈపీలో చేరాలంటే కనీసం 40 శాతం ఉండాలి, ఆ తర్వాత దాన్ని 25కి తగ్గించారు. కానీ 25 శాతం ఉన్న బడికి నూటికి నలభై భోజనాలకే పెద్ద రేటు వస్తుంది కాబట్టి, మిగతా ఖర్చు భరించేవాళ్లు లేక చాలాచోట్ల అర్హత ఉన్నా చేరరు. న్యూయార్క్‌లో 2017లో అన్ని బడులకూ ఇది వీలైందంటే, మెడికెయిడ్ జాబితాలతో పోల్చడం మొదలై గుర్తించినవాళ్ల సంఖ్య పెరగడం ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు మీ ప్రశ్నకొద్దాం. ఆ 72 శాతాన్ని మొత్తం భోజనాల లెక్క మీద కడతారు. తిన్నది ఎవరి బిడ్డ అన్నది ఎక్కడా రాయరు. కాబట్టి మీ బాబు తీసుకున్న ట్రే కూడా అదే సగటున బడికి సొమ్ము తెస్తుంది. తినేవాళ్లు తగ్గితే వంటవాళ్ల జీతాలు, సరుకు తెచ్చే బండి ఖర్చు తగ్గవు, రాబడి మాత్రం తగ్గుతుంది. ఇంకొకటి, మా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: కలిగినవాళ్ల పిల్లలంతా డబ్బాలు తెచ్చుకుంటే, ట్రే పట్టుకున్న పిల్లాడు బీదవాడని క్లాసంతటికీ తెలిసిపోతుంది. ఆ సిగ్గుతో తిండి మానేసే పిల్లలుంటారు. మీవాణ్ణి నిస్సంకోచంగా తిననివ్వండి.

ప్రశ్న: అన్నీ ఉచితమే అంటూనే ఆదాయం వివరాలు అడుగుతూ ఒక ఫారం పంపారు. నింపకపోతే పాపకు భోజనం ఆపేస్తారా? (బ్రాంక్స్)

ఆపరు. ఆ ఫ్యామిలీ ఇన్‌కమ్ ఎంక్వైరీ ఫారం భోజనం కోసం కాదు, బడికి రావలసిన ఇతర నిధుల కోసం. అయినా నింపి ఇవ్వండి. పేద పిల్లలు ఎక్కువున్న బడులకిచ్చే ఫెడరల్ టైటిల్ వన్ నిధులు తక్కువ ఆదాయపు కుటుంబాల లెక్క ఆధారంగానే అందుతాయి. వెనక్కి రాని ఫారాల వల్ల కాగితం మీద బడి నిజంగా ఉన్నదానికన్నా కలిగినదిగా కనిపిస్తుంది.

స్నాప్ గానీ మెడికెయిడ్ గానీ అందుతున్న ఇళ్లవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. జాబితాలను పోల్చేది కంప్యూటరు. పేరు, పుట్టిన తేదీ కలిస్తేనే పిల్లను గుర్తిస్తుంది. మన పేర్ల దగ్గర ఇది తరచూ తప్పే వీలుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట రెండు ముక్కలుగా, ఇంకోచోట కలిపి. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే రెండో గడిలో ఎఫ్ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదని, పడుతుంది. స్కూలు ఆఫీసులో పిల్ల పేరు ఎలా నమోదైందో అడిగి, సాయం కార్డు కాగితాల్లో ఉన్న అక్షరాలతో సరిచూడండి. తేడా ఉంటే దిద్దించండి. స్నాప్ ద్వారా ఒక బిడ్డను గుర్తిస్తే అదే ఇంట్లో ఉంటున్న మిగతా పిల్లలకూ ఆ గుర్తింపు వర్తించాలి. తమ్ముడిది వేరే స్కూలైతే అక్కడా చెప్పండి.

2025 జులైలో వచ్చిన చట్టం స్నాప్‌కు పని నిబంధనలు బిగించింది. ఆ జాబితా నుంచి కుటుంబాలు తగ్గిన కొద్దీ బడుల శాతమూ తగ్గుతుంది. కాబట్టి అర్హత ఉండీ లెక్కకు అందకుండా పోయే ప్రతి పేరూ ఇప్పుడు ఇంకా విలువైనది.

ప్రశ్న: మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. మా అమ్మాయి రెండో తరగతి. మాంసం వద్దంటే మొత్తం ట్రే ఇవ్వరని భయపడి ఏదీ తీసుకోకుండా వచ్చేస్తోంది. (స్టాటెన్ ఐలండ్)

ఈ భయం అక్కర్లేదు, కానీ నియమం తెలియాలి. మధ్యాహ్న భోజనంలో అయిదు వర్గాలుంటాయి: పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దానికి బదులైనది, పాలు. అయిదూ అందుబాటులో పెట్టడం బడి బాధ్యత. ఎంచుకునే పద్ధతి ఉన్న బడిలో పిల్ల అయిదూ తీసుకోనక్కర్లేదు. మూడు తీసుకుంటే చాలు, అందులో అరకప్పు పండో కూరగాయో తప్పనిసరి. హైస్కూళ్లలో ఈ పద్ధతి పెట్టి తీరాలి. చిన్న తరగతుల్లో అది బడుల ఇష్టం కాబట్టి మీ స్కూల్లో ఉందో లేదో ముందు కనుక్కోండి.

ఉంటే పండు, కూరగాయ, పాలు తీసుకున్నా అది పూర్తి భోజనంగానే లెక్కకొస్తుంది. పండు, రొట్టె, పాలు తీసుకున్నా సరే. ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకున్న పిల్ల కూడా ఈ మూడూ తీసుకుని పక్కన పెట్టుకుని తినొచ్చు. తప్పు జరిగేదెక్కడంటే, పాలు ఒక్కటే తీసుకుని వచ్చేసినప్పుడు. అది భోజనం కాదు, బడికి దానిమీద సొమ్ము రాదు, డబ్బు అడగొచ్చు కూడా. రొట్టె, చీజ్, పాలు తీసుకుని పండు వదిలేసినా అంతే. లెక్క రాసుకునే దగ్గర నిలబడినవారు "ఒక పండు తీసుకో అమ్మా" అంటే అది బలవంతం కాదని పిల్లకు చెప్పండి.

మరి మాంసకృత్తులు? మాంసానికి బదులుగా లెక్కకొచ్చేవి చాలానే ఉన్నాయి. ఒక ఔన్సు మాంసానికి సమానంగా పావు కప్పు ఉడికిన చిక్కుడు గింజలో శనగలో, ఒక ఔన్సు చీజ్, అరకప్పు పెరుగు, రెండు టేబుల్ స్పూన్ల వేరుశనగ వెన్న, ఇవన్నీ చెల్లుతాయి. అయిదో తరగతి దాకా రోజుకు కనీసం ఒక ఔన్సు, హైస్కూల్లో రెండు ఔన్సులు పెట్టాలి. నగరం 2019–20 నుంచి అన్ని బడుల్లో సోమవారం మాంసం లేని భోజనం పెట్టింది. 2022 ఫిబ్రవరిలో శుక్రవారం మొక్కల ఆధారిత భోజనం మొదలైంది. అయితే మాంసం లేనిదంటే గుడ్డూ, పాల పదార్థాలూ లేనిదని కాదు. మఫిన్లలో గుడ్డు ఉండొచ్చు, సూపులో కోడి రసం ఉండొచ్చు, జెల్లీ మిఠాయిల్లో జంతువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. నెలవారీ మెనూ చూసి, సందేహమున్న రెండు మూడు వంటకాల ప్యాకెట్ మీది పదార్థాల పట్టిక చూపించమని కిచెన్ మేనేజర్‌ను అడగండి. వంద వంటకాల జాబితాతో వెళితే ఎవరికీ ఓపిక ఉండదు.

ఒక విషయం నిజంగానే చెప్పాలి. మతాచారం కోసమో ఇష్టం కోసమో వేరే వంటకం ఇచ్చి తీరాలని ఫెడరల్ నియమం లేదు. అందుకే పైన చెప్పిన మూడు వర్గాల సూత్రం రెండో తరగతి పిల్లకు నోటికి వచ్చేదాకా ఇంట్లో ఆటలా ఆడించండి.

ప్రశ్న: బాబుకు పాలు పడవు, నువ్వులంటే అలర్జీ. నోటిమాటగా చెబితే టీచర్ తల ఊపారు గానీ ఏమీ మారలేదు. (బ్రూక్లిన్)

నోటిమాట వంటింటి దాకా వెళ్లదు. అలర్జీ ప్రమాదకరమైనదైతే చట్టం దాన్ని వైకల్యం కిందే చూస్తుంది, బదులు తిండి అదనపు రుసుము లేకుండా ఇచ్చి తీరాలి. దానికి లైసెన్సు ఉన్న వైద్యుడో, 2025 జులై నుంచి రిజిస్టర్డ్ డైటీషియనో సంతకం చేసిన పత్రం కావాలి. అందులో మూడు విషయాలుండాలి: ఆ పదార్థం పిల్లాడి ఒంటికి ఏం చేస్తుంది, ఏది మానాలి, బదులుగా ఏది పెట్టాలి. మూడోది రాయించడం చాలామంది మరిచిపోతారు, అక్కడే ఆలస్యమవుతుంది. పత్రం స్కూల్ నర్సుకు ఇచ్చి, కిచెన్‌కు కాపీ చేరిందో లేదో కనుక్కోండి. వైకల్యమున్న పిల్లలకు బడి చేయాల్సిన ఏర్పాట్లు రాసిపెట్టే 504 ప్లాన్ కూడా అడగండి. 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద నువ్వులను ప్రధాన అలర్జీ పదార్థంగా ప్రకటించడం తప్పనిసరి.

పాలు అరగకపోవడం మాత్రమే ఉంటే లాక్టోజ్ లేని పాలు అడగండి. అవి పాల వర్గంలోనే లెక్కకొస్తాయి.

ప్రశ్న: పదిన్నరకే లంచ్ పెడుతున్నారు. ఇదేం పద్ధతి? (క్వీన్స్)

మధ్యాహ్న భోజనం 10 గంటలకూ 2 గంటలకూ మధ్య పెట్టాలన్నది నియమం. పిల్లలు ఎక్కువ, భోజనశాల చిన్నదైన బడిలో మూడు నాలుగు విడతలు పెడతారు, మొదటి విడతవాళ్లకు ఇలా అవుతుంది. పొద్దుట ఇంట్లో కొంచెమే పెట్టి, మధ్యాహ్నం తినడానికి చిరుతిండి ఇవ్వండి. పేరెంట్ అసోసియేషన్‌లో విడతలు ఏటేటా మార్చమని అడగొచ్చు.

ప్రశ్న: హెచ్-1బీ మీద ఉన్నాం, గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేశాం. ఉచిత భోజనం తింటే పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వానికి భారమయ్యేవాళ్లు అంటారా? (మన్‌హాటన్)

అనరు. ఎంతో కఠినమైనదని పేరుపడిన 2019 నిబంధనలో కూడా బడి భోజనాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 నిబంధనలోనూ లేదు. భోజనం పెట్టడానికి స్కూలు వీసా వివరాలు అడగదు. ఫారం ఉండే ఊళ్లలో కూడా సంతకం చేసిన పెద్దవారి సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలే అడుగుతారు, నంబరు లేకపోతే లేదని గుర్తు పెట్టే గడి ఉంటుంది.

ప్రశ్న: వేసవి సెలవుల్లో ఏం చేయాలి? మా ఆయనది కొట్లో పని, ఇద్దరు పిల్లలు. (బ్రాంక్స్)

రెండు దారులున్నాయి. ఒకటి, వేసవి భోజన కేంద్రాలు. అందరికీ తెరిచి ఉంచే కేంద్రాల్లో 18 ఏళ్ల వయసు దాకా ఎవరైనా తినొచ్చు. పేరు నమోదు, గుర్తింపు కార్డు అక్కర్లేదు. నగరంలో సాధారణంగా అక్కడే కూర్చుని తినాలి.

రెండోది సన్ బక్స్ కార్డు. 2024 నుంచి నడుస్తున్న పథకం ఇది, అర్హతున్న ఒక్కో బిడ్డకూ వేసవికి 120 డాలర్లు. ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు: బడిలో అందరికీ ఉచితం కాబట్టి కార్డూ దానంతట అదే వస్తుందనుకుంటారు. స్నాప్ లాంటి జాబితాల్లో ఇప్పటికే గుర్తించిన పిల్లలకే అలా వస్తుంది. మీ ఆదాయం దారిద్ర్యరేఖకు 185 శాతంలోపు ఉండి, ఆ జాబితాల్లో లేకపోతే విడిగా దరఖాస్తు చేయాలి. ఇద్దరు పిల్లలకు 240 డాలర్లు. ఇంటి చిరునామా మారితే ముందుగా స్కూల్లో మార్పించండి, కార్డు పోస్టులో పాత ఇంటికి వెళితే తిరిగి రప్పించుకోవడానికి సగం వేసవి గడిచిపోతుంది.