ఆ వీడియోలో నవ్వు మా అబ్బాయిదే

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. హాస్టల్లో మొదటి సంవత్సరం పిల్లవాణ్ణి అర్ధరాత్రి గదికి పిలిపించి, నెత్తిన చెప్పులు పెట్టి గుంజిళ్లు తీయించారు. మావాడు చేయి చేసుకోలేదు, ఫోనులో వీడియో తీశాడు. అందులో వినిపించే నవ్వు మాత్రం వాడిదే. నెల రోజులు సస్పెండ్ చేశారు. ‘అది పరిచయమే. నేను కొట్టలేదు. నిరుడు మాకూ చేశారు’ అంటాడు. మావారు తెలిసిన పెద్దలతో చెప్పించి శిక్ష తప్పించాలని తిరుగుతున్నారు. మా పెంపకంలో లోపమా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ నవ్వు మీవాడిదేనని ఒప్పుకొని రాశారు. ఆ ధైర్యమే ఇప్పుడు మీవాడికి కావాలి. పెంపకం సంగతి పక్కన పెట్టండి. ఆ బాధలో పడితే మాట్లాడాల్సిన విషయం మరుగున పడుతుంది.

ర్యాగింగ్ తప్పని మీవాడికి తెలియక కాదు. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం వాడూ మీరూ హామీపత్రం రాసిచ్చే ఉంటారు. ఈ వయసులో చాలామందికి ‘మనవాళ్లు ఏమనుకుంటారు’ అన్నదే తప్పొప్పులకు కొలత. నైతిక ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన లారెన్స్ కోల్‌బర్గ్ దీన్ని ఒక దశగానే గుర్తించాడు. హాస్టల్లో ‘మనవాళ్లు’ అంటే పక్క మంచాల వాళ్లే. తప్పని తెలిసినవాళ్లు కూడా మనస్సాక్షిని ఎలా జోకొడతారో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా వివరించాడు: చేసిన పనికి మెత్తని పేరు పెడతారు, తమ వంతు తగ్గించి చూపుతారు. మీవాడి మొదటి రెండు మాటలూ అవే.

మూడో మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ‘మాకూ చేశారు.’ నిరుడు ఈ సంగతి మీకు చెప్పాడా? ఫోను చేసినప్పుడల్లా ‘బాగున్నానమ్మా’ అనే ఉంటాడు. ముందు అది అడగండి. ఏ గదిలో, ఏం చేయించారు, ఆ రాత్రి నిద్ర పట్టిందా? తిట్టకుండా, ఓదార్చే తొందర పడకుండా చివరిదాకా వినండి. ఆ తర్వాతే, మొన్న గుంజిళ్లు తీసిన పిల్లవాడు ఆ రాత్రి ఎలా పడుకొని ఉంటాడని అడగండి. ఈ వరస తప్పితే వాడు మళ్లీ వాదనకే దిగుతాడు.

మీవారికి ఒక్కమాట. సిఫారసుతో శిక్ష తప్పిస్తే మీవాడికి నాలుగో సాకు దొరుకుతుంది: ‘నాన్న చూసుకుంటారు.’ పైగా ఇది కాలేజీతో పోయే విషయం కాదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం అవమానించడం కూడా నేరమే, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్న పిల్లలున్నారు. అలా జరిగితే ర్యాగింగ్ చేసినవాళ్లే ఆత్మహత్యకు పురికొల్పినట్టు ఆ చట్టం లెక్కిస్తుంది. ఆ నెలా ఇంట్లోనే ఉండనివ్వండి. వీడియో ఇంకెవరికీ పంపకూడదు, భయపడి చెరిపేయకూడదు. విచారణలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి.

క్షమాపణ చెప్పిస్తామని ఆ పిల్లవాడి ఇంటికి మాత్రం వెళ్లకండి. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని వచ్చారనే వాళ్లు అనుకుంటారు. మీవాడు తన చేత్తో ఉత్తరం రాసి కాలేజీ ర్యాగింగ్ నిరోధక కమిటీకి ఇవ్వాలి. అందులో ‘కానీ’ అన్న మాట ఉండకూడదు. తీసుకోవాలో వద్దో ఆ పిల్లవాడి ఇష్టం. వద్దంటే మీవాడు మళ్లీ అడగకూడదు.