పేరు తేలేదాకా జత కట్టించకు నాన్నా

నాన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ శిష్యుడు ఆ ఎర్ర మోకాళ్ల టరాంటులా సాలీళ్లను, అదే రెడ్‌నీలను జత కట్టించి పిల్లలు తీస్తాడట, నువ్వే మాట్లాడుకో" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. తొమ్మిదేళ్లప్పుడు నా పెట్టెలో వెల్లకిలా పడి ఉన్న టరాంటులాను చూసి చచ్చిపోయిందని వెక్కి వెక్కి ఏడ్చావు. కుబుసం విడుస్తోందిరా అంటే, ఎనిమిది కాళ్లూ పాత తొడుగుల్లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఆ పిల్లాడు ఇంతవాడయ్యాడంటే గర్వంగా ఉండదా! కానీ నువ్వు పంపిన రెండు ఫోటోలు చూడగానే గుండె గుభేలుమంది.

ఆడదాని డబ్బా మీద "మెక్సికన్ రెడ్‌నీ" అని మాత్రమే ఉంది. మగదాని మీద "స్మిథి" అని జాతి పేరు ఉంది. "రెండూ ఒకేలా ఉన్నాయి కదా పెద్దమ్మా" అని రాశావు. సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను ఒకప్పుడు. అందుకే ఈ ఉత్తరం.

తేలిక విషయాలు ముందే చెప్పేస్తాను. మగదానికి ముందుకాళ్ల మీద కొక్కేలు వచ్చాయో లేదో చూడు. ఆడది చివరిసారి కుబుసం విడిచిన తేదీ రాసి పెట్టుకో. జత కట్టాక విడిచిందంటే పనంతా మొదటికొస్తుంది. రెడ్‌నీలు చేరే బ్రాకిపెల్మా ప్రజాతిలోని జాతులన్నీ వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి కాగితాల సంగతి ముందే కనుక్కో.

ఇక రంగు. రంగు అసలు పనికిరాదని అనను. బ్రాకిపెల్మాలోనే ఎమీలియా అనే జాతికి వీపు పెంకు మీద నల్లటి త్రికోణం ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోలేవు. ఆరాటమ్ అనే ఇంకో జాతికి మోకాలి మీద మచ్చ దీపం మంటలా కనిపిస్తుంది. కానీ దగ్గరి చుట్టాల మధ్య రంగు మోసం చేస్తుంది. కుబుసానికి ముందు ఎర్ర మోకాళ్లు కూడా వెలిసిన ఇటుకలా అయిపోతాయి, విడిచిన కొద్ది రోజులకే నిప్పుకణికల్లా ఉంటాయి. అవిక్యులారియా అనే మరో రకం టరాంటులా పిల్లకైతే కాళ్లు గులాబీ రంగు, పాదాలు నలుపు. పెద్దయ్యాక ఒళ్లంతా నల్లబడి పాదాల కొసలు గులాబీ అవుతాయి. నువ్వేమో రాత్రి లైటు కింద ఫ్లాష్ వేసి తీసిన ఫోటో పంపి, ఏ జాతి అని అడుగుతున్నావు. ఫోటో చూసి నేను పేరు చెప్పను. ఎవరైనా చెప్పినా నువ్వు నమ్మకు.

నా తప్పు సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు. 2008లో నా దగ్గర ఒక పెద్ద ఆడది ఉండేది, స్మిథి అనే అమ్మారు. తోటి పెంపకందారు ఒకరు తన మగదాన్ని కొన్నాళ్లకి ఇచ్చారు, దాని డబ్బా మీదా స్మిథి అనే ఉంది. ఎక్కడిది, తల్లి ఎవరు అని నేను అడగలేదు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అవే మోకాళ్లు, అదే నలుపు. ఇంకేం కావాలి అనుకున్నాను. గుడ్ల సంచి వచ్చింది. అది వారాల తరబడి సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని, అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చుంటే, నేను రోజూ టార్చి వేసుకుని చూసేదాన్ని. మూడొందలకు పైగా పిల్లలు. ఒక ఆదివారమంతా కూర్చుని సన్న పెన్నుతో చిన్న చిన్న చీటీల మీద "బ్రాకిపెల్మా స్మిథి" అని రాశాను. చేతివేళ్లు నొప్పి పుట్టాయి. చక్కటి అక్షరాలు, ఒక్క చీటీ మీద కూడా సిరా పాకలేదు. అడిగిన వాళ్లందరికీ పంచాను.

2017లో మెండోసా, ఫ్రాంకే అనే శాస్త్రవేత్తల పరిశోధన వచ్చింది. డీఎన్ఏ కూడా చూసి వాళ్లు తేల్చిందేమిటంటే, స్మిథి పేరుతో ఇన్నాళ్లూ చేతులు మారిన వాటిలో చాలావరకు నిజానికి హమోరీ అనే మరో జాతి. అనితా అని వేరే జాతిగా చలామణీ అయినదే అసలు స్మిథి. మెక్సికోలో బాల్సాస్ నదీ లోయకు ఉత్తరాన కొలీమా, హలిస్కో, మిచోకాన్ వైపు హమోరీ, దక్షిణాన గెరెరో వైపు స్మిథి. పైకి చూస్తే కవలలు. తేడా పట్టిచ్చేది మగదాని పాల్ప్ (నోటి పక్కన ఉండే చిన్న కాలు లాంటిది) చివరి బల్బు ఆకారం, ఆడదాని లోపలి స్పెర్మథీకా, అంటే వీర్యం దాచుకునే సంచి.

అది చదివిన రోజు నా చేతులు చల్లబడ్డాయి. ఆ మగది చనిపోయాక ఆల్కహాల్ సీసాలో దాచి ఉంచాను. ఆడదాని కుబుసాలు అగ్గిపెట్టెల్లో ఉన్నాయి. రెండూ మైక్రోస్కోపు కింద పెట్టి, వాళ్ల బొమ్మలతో పోల్చుకుంటూ తెల్లవార్లూ చూశాను. ఆడది హమోరీ, మగది స్మిథి. నేను పంచినవి అదీ కావు, ఇదీ కావు.

అందరికీ ఫోన్లు చేశాను. సగం మంది నంబర్లు మారిపోయాయి. ఒకరైతే నేనిచ్చిన పిల్లల్లో ఒక ఆడదానికి అప్పటికే మళ్లీ జత కట్టించారు. రెడ్‌నీ ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతుకుతాయి నాన్నా. అంటే నా చేతిరాత ఉన్న ఆ తప్పుడు చీటీలు ఇప్పటికీ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి. అడవి నుంచి పట్టి తేవడం తగ్గాలనే కదా మనం ఇళ్లలో పిల్లలు తీస్తున్నాం! ఏ జాతివో తెలియనివి తీసి ఎవరికేం లాభం?

కాబట్టి ఆడది మళ్లీ కుబుసం విడిచేదాకా ఆగు. విడవగానే, అది తొక్కి నలిపేయకముందే పొడవాటి పట్టకారుతో తీసెయ్. మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. ఖాళీ కుబుసం మీద కూడా దురద వెంట్రుకలు ఉంటాయి, కంట్లో పడితే మామూలు బాధ కాదు. గోరువెచ్చని నీళ్లలో చుక్క డిష్ సోప్ వేసి నానబెట్టు. ముడతలు పడిన పొట్ట చర్మాన్ని మెత్తని బ్రష్‌తో తడి ఉల్లిపొర విప్పినట్టు నెమ్మదిగా విప్పు. లోపలి వైపు నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి ఊపిరితిత్తుల జాడలు. పై రెండింటి మధ్య చూడు, స్పెర్మథీకా ఉండేది అక్కడే. తొందరపడి లాగావంటే చిరిగిపోతుంది, మళ్లీ ఏడాది ఆగాలి.

ఇంకో మాట. రెండో ఫోటోలో వెనకాల ఒక చిన్న డబ్బా కనబడింది, మీద "ఆర్నమెంటల్" అని ఉంది. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. అది పొసిలోథీరియా అనే వేరే రకం టరాంటులా పిల్ల అయితే, నువ్వు రెడ్‌నీ పెట్టెలో చెయ్యి పెట్టినట్టు అందులో పెట్టకు. వాటికి దురద వెంట్రుకలుండవు, పరుగూ కాటే వాటి రక్షణ. కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి పీడిస్తాయి. పిల్లలుగా అన్నీ ఒకేలా ఉంటాయి. కాస్త ఎదిగాక దాన్ని ముట్టుకోకుండా, పారదర్శకమైన డబ్బా గోడకి ఎక్కినప్పుడు అడుగు వైపు చూడు. ఆ జాతుల్లో రెగాలిస్‌కు పొట్ట కింద అడ్డంగా లేత రంగు పట్టీ ఉంటుంది. కాళ్ల అడుగున ఉండే పసుపు, నలుపు గీతలూ ఫోటో తీసి ఉంచుకో.

ఎక్కడిదో కనుక్కుని రాసి పెట్టు. పొసిలోథీరియాల్లోనే మెటాలికా అనే జాతికి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టింది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడును చూసి. అది నిజంగా బతికేది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో అని తేలడానికి వందేళ్లు పట్టింది.

మగది అప్పటిదాకా ఉండదు కదా పెద్దమ్మా అంటావు. ఉండకపోవచ్చు. ఆ బాధ నాకు తెలుసురా, దాన్ని ఎంత ముద్దుగా చూసుకుంటున్నావో కూడా తెలుసు. పోనివ్వు. పోయాక పారెయ్యకుండా ఆల్కహాల్‌లో వేసి తేదీ రాసి పెట్టు. ఆడదాని కుబుసం ఆరాక దూదిలో పెట్టి పట్టుకురా, మైక్రోస్కోపు తుడిచి ఉంచుతాను, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆ చిన్న డబ్బా మూతకి మాత్రం ఈ రాత్రే టేపు వెయ్యి.

నీ పెద్దమ్మ