చార్లీ బ్రౌన్ ఆ బంతిని తన్నకపోవడమే మంచిదైంది

"పేపర్లో వచ్చే కామిక్ స్ట్రిప్పుల్లో మీకు బాగా ఇష్టమైనది ఏది? జనానికి అవంటే ఎందుకంత ప్రేమ?" అని అడిగారు.

నాది పీనట్స్ అనే అమెరికా బొమ్మల కథ. చార్లీ బ్రౌన్ అనే గుండు పిల్లాడు, స్నూపీ అనే కుక్క, లూసీ అనే గయ్యాళి పిల్ల ఉంటారే, అది. ఇక రెండో ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు "నవ్వొస్తుంది కాబట్టి" అని. నేనొప్పుకోను. నవ్వు కోసమే అయితే బస్టాండులో అమ్మే జోకుల పుస్తకం చాలు. జనం స్ట్రిప్పుని ప్రేమించేది అందులో మనుషులు ఎన్నేళ్ళకీ బాగుపడరు కాబట్టి. నిన్న చేసిన పొరపాటే ఇవాళా చేస్తారు, రేపూ చేస్తారు. మన ఇళ్ళల్లో జరిగేదీ అదే.

ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది మా నాయనమ్మ. ఆవిడకి ఇంగ్లీషులో ఏబీసీడీలు కూడా రావు.

మా ఊరు తెనాలి దగ్గర. నాన్న స్కూలు మాస్టారు. పిల్లలకి ఇంగ్లీషు రావాలని ఇంగ్లీషు పేపరు వేయించేవారు. అది మధ్యాహ్నం బస్సులో వచ్చేది. సంపాదకీయం పైకి చదివి వినిపిస్తే గానీ బొమ్మల పేజీ చేతికిచ్చేవారు కాదు. ఆ సంపాదకీయాల్లో ఒక్క ముక్క నాకిప్పుడు గుర్తులేదు. బొమ్మలన్నీ గుర్తున్నాయి. పిల్లలకి భాష నేర్పడానికి సంపాదకీయాన్ని మించిన శిక్ష ఇంకోటి లేదని అప్పుడే తేలిపోయింది.

ఒక వేసవిలో బాబాయి మద్రాసు నుంచి వస్తూ మూర్ మార్కెట్లో పాత పుస్తకాల కొట్లో దొరికిందని అట్ట ఊడిపోయిన పీనట్స్ పుస్తకం ఒకటి తెచ్చాడు. అప్పటికింకా మూర్ మార్కెట్ తగలబడలేదు. నేను వసారాలో బోర్లా పడుకుని చదువుతున్నాను. పక్కనే నాయనమ్మ వత్తులు చేసుకుంటోంది. "ఒక్కడివే నవ్వుకోకపోతే నాకూ చెప్పచ్చుగా" అంది. పుస్తకం ఆవిడ ముందు పెట్టాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. లూసీ నేల మీద ఫుట్‌బాల్ నిలబెట్టి పట్టుకుని, పరిగెత్తుకొచ్చి తన్నమని చార్లీ బ్రౌన్‌ని పిలుస్తుంది. తీరా వాడొచ్చి కాలు విసిరేసరికి బంతి లాగేస్తుంది. వాడు గాల్లోకి లేచి వెల్లకిలా పడతాడు. అంతే. లూసీ ఈ పని మొదలుపెట్టింది 1952లో. ఆ తర్వాత దాదాపు ఏటా ఒకసారి, అమెరికాలో వాళ్ళ ఫుట్‌బాల్ రోజులొచ్చేసరికి, ఇదే తంతు. ప్రతిసారీ వాడు "ఈసారి నమ్మను" అంటాడు. ప్రతిసారీ ఆ పిల్ల ఏదో ఒక కొత్త మాట చెప్పి నమ్మిస్తుంది.

నాయనమ్మ మొదటి గడి చూసి, "ఈ పిల్ల బంతి లాగేస్తుంది" అంది.

"నీకెలా తెలుసు?"

"మొహం చూస్తే తెలియట్లా? అడక్కుండా మేలు చేస్తానని వచ్చేవాళ్ళ మొహం ఇట్లాగే ఉంటుంది."

రెండు పేజీలు తిప్పాక ఇంకో ఏడాది బంతి కథ వచ్చింది. అది 1964 నాటిదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అందులో లూసీ చార్లీ బ్రౌన్‌కి ఒక కాగితం ఇస్తుంది. బంతి లాగనని రాసి, సంతకం పెట్టిన కాగితం. వాడు చదువుకుని, సంతకం కూడా ఉంది కదా అని పరిగెత్తుకొచ్చి మామూలుగానే పడతాడు. అప్పుడా పిల్ల కాగితం తీసి చూస్తూ, దీన్ని నోటరీ చేయించలేదే అంటుంది. నాకా ముక్క అర్థంకాక పడక్కుర్చీలో ఉన్న నాన్నని అడిగాను. "సంతకం ఉన్నా చట్ట ప్రకారం చెల్లదని" అన్నారాయన.

నాయనమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది. "అంటే స్టాంపు అంటించని ప్రాంసరీ నోటన్నమాట. అచ్చం మీ తాతేరా వీడు!"

అప్పుడు బయటపడింది కథ. ఏటా మిరప నారు పోసే వేళకి మా చినతాత వచ్చేవాడట. "పంట చేతికి రాగానే ఇచ్చేస్తా అన్నయ్యా" అనేవాడట. తాత ఇచ్చేవాడు. పంట వచ్చేది, డబ్బు వచ్చేది కాదు. ఒక ఏడాది నాయనమ్మ పోరు పడలేక, "ఈసారి నోటు రాయించుకున్నానులే" అని తాత గొప్పగా ఒక తెల్లకాగితం పట్టుకొచ్చాడట. చినతాత సంతకం చక్కగానే ఉంది. స్టాంపే లేదు. పైసల ఖరీదు చేసే రెవెన్యూ స్టాంపు! "రెండెకరాల పెట్టుబడి అప్పిస్తాడు కానీ స్టాంపు కొనడానికి చేతులు రావు ఆ మనిషికి" అని నాయనమ్మ మళ్ళీ నిన్న జరిగినట్టే కోపం తెచ్చుకుంది.

"మరి రాదని తెలిసీ పై ఏడు ఎందుకిచ్చాడు?" అన్నాను.

"తమ్ముడు కదట్రా" అంది, అదేదో నేను అడగకూడనిది అడిగినట్టు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పేపరు రాగానే "గుండోడు తన్నాడా?" అని అడిగేది. తన్నలేదంటే తిట్టేది, కానీ మొహంలో సంతోషం దాగేది కాదు.

అందుకే అమెరికా హాస్యం మనకి ఎక్కదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియని మనిషికి చార్లీ బ్రౌన్ ఒక్క మధ్యాహ్నంలో అర్థమయ్యాడు. నన్నడిగితే అమెరికా వాళ్ళకంటే మనకే ఎక్కువ అర్థమవుతాడు. ఒకే చుట్టానికి పదిసార్లు అప్పిచ్చే అలవాటు మనకుంది కదా.

ఇదంతా గీసినాయన చార్ల్స్ షుల్జ్. 1950 అక్టోబర్ 2న ఏడంటే ఏడు పేపర్లలో మొదలైంది. ఆ మొదటి రోజు స్ట్రిప్పు చూడండి. చార్లీ బ్రౌన్ నడిచి వస్తుంటే గట్టు మీద కూర్చున్న పిల్లాడు మంచివాడని మెచ్చుకుంటాడు, తీరా వాడు దాటిపోయాక వాడంటే నాకెంత అసహ్యమో అంటాడు! పిల్లల బొమ్మల్లో మొదటిరోజే ఈ మాట పెట్టడానికి గుండె కావాలి. అక్కడి నుంచి 17,897 స్ట్రిప్పులు, గీత, రాత అన్నీ ఆయన చేతివే. సహాయకుల్ని పెట్టుకోలేదు. పీనట్స్ అన్న పేరు కూడా ఆయన పెట్టింది కాదు, పేపర్లకి స్ట్రిప్పులు అమ్మే సిండికేట్ వాళ్ళు అంటగట్టారు, చివరిదాకా ఆయనకది నచ్చలేదు.

1993లో ఒకసారి చార్లీ బ్రౌన్ బేస్‌బాల్లో హోమ్ రన్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. చాలామంది సంబరపడ్డారు. నాకైతే చేదుగా అనిపించింది. లూసీ పట్టుకునే బంతి విషయంలో మాత్రం షుల్జ్ మెత్తబడలేదు. 1999 అక్టోబర్లో వచ్చిన చివరి బంతి కథలో లూసీ భోజనానికి ఇంటికెళ్తూ, బంతి తమ్ముడు రీరన్ చేతిలో పెడుతుంది. తిరిగొచ్చి ఏమైంది, లాగేశావా, వాడు తన్నాడా అని అడిగితే, నీకెప్పటికీ తెలియదు అంటాడు ఆ బుడ్డోడు. లూసీకి తెలియలేదు, మనకీ తెలియలేదు. కొన్ని నెలలకే, 2000 ఫిబ్రవరి 12 రాత్రి షుల్జ్ పోయాడు. చివరి ఆదివారం స్ట్రిప్పు మర్నాడు పేపర్లో వచ్చింది. తర్వాత పేపర్లకి ఇంకెవరూ కొత్తవి గీయలేదు, ఆయన కోరిక అదే.

కాల్విన్ అనే పిల్లాడు, హాబ్స్ అనే వాడి బొమ్మ పులి ఉండే కాల్విన్ అండ్ హాబ్స్ స్ట్రిప్పు పేరెత్తలేదేమని అడుగుతారని తెలుసు. బ్రహ్మాండమైన బొమ్మలే, కాదనను. బిల్ వాటర్సన్ పదేళ్ళు గీసి, 1995 డిసెంబర్ 31తో ఆపేశాడు. టీషర్టుల మీదికీ కప్పుల మీదికీ ఆ పులిని ఎక్కనివ్వలేదు. ఈ విషయంలో ఆయనకి దండం పెట్టాలి. షుల్జ్ అన్నిటికీ ఊఁ అన్నాడు, అందుకే ఇవాళ ఒక్క స్ట్రిప్పూ చదవనివాళ్ళు కూడా స్నూపీ బొమ్మ చొక్కా వేసుకు తిరుగుతున్నారు. అయినా కాల్విన్‌కి తెలివి మరీ ఎక్కువ. ఆరేళ్ళవాడు లెక్చరర్‌లా మాట్లాడుతుంటే నాకు మా నాన్న సంపాదకీయాలే గుర్తొస్తాయి.

తెలుగులో ఇలాంటిది ఎందుకు రాలేదన్నది నాకున్న అసలు బాధ. మన పేపర్లకి పాకెట్ కార్టూన్, అంటే ఒక్క గడిలో ఇమిడే చిన్న బొమ్మ, అంటే ప్రాణం. శ్రీధర్ గారు ఈనాడులో గీసినన్నాళ్ళూ ఆయన "ఇదీ సంగతి" చూడందే కాఫీ తాగని ఇళ్ళు నాకు తెలుసు. కానీ అది ఆ రోజు వార్త మీద పుడుతుంది, వార్త పాతబడితే దాన్ని పిల్లలకి విడమరిచి చెప్పుకోవాల్సిందే. రోజూ కనిపించే ఒకే కుటుంబం, ఒకే పిల్లాడు మనకి దొరకలేదు. ముళ్ళపూడి, బాపుల బుడుగు ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు, కానీ వాడు వారపత్రికలో మాటలతో నడిచాడు, బాపు బొమ్మలు తోడుగా వచ్చాయి. ఆ ఇద్దరూ కలిసి రోజుకి నాలుగు గడులు గీసి ఉంటే షుల్జ్‌ని మనమే మర్చిపోయేవాళ్ళం. దీనికి రుజువేమీ లేదు, అయినా నా మాట ఇదే.

ఇప్పుడు పేపరు తెరిస్తే ఆ జాగాలో "ఇలా మారండి, అలా ఎదగండి" అని సలహాలు. ఉన్న ఒకటో రెండో స్ట్రిప్పులు భూతద్దం పెట్టుకుంటే గానీ కనబడవు. వాట్సాప్‌లో వచ్చేవాటికి గీసినవాడి సంతకం కత్తిరించేసి ఉంటుంది.

పీనట్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 1960ల నాటివి పట్టుకోండి. ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు మొత్తం 26 సంపుటాలుగా వేశారు, ధర దండిగానే ఉంటుంది. ఒకే బిగిన వంద చదవకండి, మొహం మొత్తుతుంది. రోజుకి ఒకటి, మహా అయితే రెండు.