డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు: అమెరికాలో చదివే విద్యార్థికి ఉన్న హక్కులు

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎఫ్‌-1 వీసాపై ఎంఎస్ చదువుతున్నాడు. అక్కడ రాత్రిపూట పోలీసులు ఏ అనుమానమూ లేకుండానే వచ్చే కార్లను ఆపి, తాగారా అని అడుగుతున్నారట. ఇది చట్టబద్ధమేనా? రేపు ఉద్యోగానికి ఏమైనా ఇబ్బంది అవుతుందా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, అమెరికా రాజ్యాంగం ప్రకారం తనిఖీ చట్టబద్ధమే. మిచిగన్ రాష్ట్రానికి చెందిన సిట్జ్ కేసులో 1990లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఈ తనిఖీలను సమర్థించింది. ఆ కేసుకు మూలమైన చెక్‌పాయింట్ 75 నిమిషాలు నడిచింది. 126 వాహనాలు వెళ్లగా ఒక్కోదానికి సగటున 25 సెకన్ల ఆలస్యమైంది, ఇద్దరు అరెస్టయ్యారు. అయితే అదే మిచిగన్ సుప్రీంకోర్టు 1993లో తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఇవి చెల్లవని తేల్చింది. టెక్సస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లోనూ ఇలాంటి తనిఖీలు జరపరు. కాబట్టి మీ అబ్బాయి ముందుగా తానున్న రాష్ట్రం నిబంధనలు తెలుసుకోవాలి.

పోలీసు ఆపినప్పుడు అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచి, అడిగిన లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు ఇవ్వాలి. ఎక్కడ తాగావు, ఎంత తాగావు అన్న ప్రశ్నలకు జవాబివ్వనని మర్యాదగా చెప్పవచ్చు. అబద్ధం మాత్రం చెప్పకూడదు. కానీ అరెస్టు చేశాక శ్వాస పరీక్షకు నిరాకరిస్తే లైసెన్సు సస్పెండయ్యే ప్రమాదముంది. ఆ పరీక్షకు వారెంటు అక్కర్లేదని, రక్త పరీక్షకు మాత్రం సాధారణంగా కావాలని 2016లో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీరు అసలు భయపడవలసింది వీసా విషయంలో. తాగి నడిపిన కేసులో గడచిన ఐదేళ్లలో అరెస్టయి ఉంటే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసేందుకు 2015 నాటి అమెరికా విదేశాంగ శాఖ మార్గదర్శకాలు వీలు కల్పించాయి. వీసా రద్దయినంత మాత్రాన అక్కడి చదువు దానంతటదే ఆగిపోదు కానీ, సెలవులకు ఇంటికి వస్తే తిరిగి వెళ్లడానికి కొత్త వీసా కావాలి. ఆ దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టివేసినా అక్కడ నిజమే రాయాలి. అందుకే ఒక్క గుటక తాగినా ఆ రాత్రి స్టీరింగ్ పట్టవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. పొరపాటున అరెస్టయితే, ఇంటికి టికెట్ కొనకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదినీ, యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్నీ సంప్రదించమనండి.