సిమెంటు పూతకు ముందు సైకిల్ చువ్వతో గోడను ఒకసారి పొడిచి చూడండి

ఒడిశాలోని గుణుపూర్‌లో 45 ఏళ్ల నాటి ఇటుక ఇల్లు, బయట పూత లేదు, వచ్చే మాఘంలో అమ్మాయి పెళ్లి, ఈలోగా ఇంటి రూపు మార్చాలి, మేస్త్రి మాత్రం మొత్తం సిమెంటు పూసి రంగు కొట్టేద్దామంటున్నాడు, చేయించవచ్చా అని అడిగారు. చేయించకండి. కనీసం ఇది చదివే దాకా అడ్వాన్సు ఇవ్వకండి.

మాది పర్లాకిమిడి. మా ఇల్లు 1979లో నాన్న కట్టించారు. కప్పు పడేసరికి చేతిలో డబ్బులు అయిపోయాయి. "బయటి పూత వచ్చే ఏడాది చూద్దాం" అన్నారట. ఆ వచ్చే ఏడాది 33 ఏళ్ల పాటు రాలేదు. 2012లో చెల్లి పెళ్లి కుదిరాక, మీలాగే మాకూ కంగారు పుట్టింది. మగపెళ్లివారు వచ్చే ఇల్లు, ఎర్రటి ఇటుకలు బయటికి కనిపిస్తుంటే ఏం బాగుంటుందని వీధి వైపు గోడంతా సిమెంటు పూయించి, మెరిసే క్రీమ్ రంగు ప్లాస్టిక్ పెయింట్ వేయించాం. పెళ్లి ఫొటోల్లో ఇల్లు బ్రహ్మాండంగా పడింది, అబద్ధం చెప్పను.

మరుసటి ఏడాది అక్టోబరులో ఫైలిన్ తుఫాను వచ్చి వెళ్లాక ఆ గోడ మీద మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా పొక్కులు లేచాయి. ఒకదాన్ని వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. వెనక దూదిలా తెల్లటి పొడి. కాస్త నాలుకకు అంటించి చూశాను, ఉప్పు. గీకించి మళ్లీ రంగేయించాం. మళ్లీ అదే కథ. రంగు కంపెనీని తిట్టుకున్నాం కానీ, తప్పు రంగుది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది.

పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను కిందనుంచి పీల్చుకుంటూనే ఉంటుంది. ఇటుక ముఖం, సున్నపు సందులు తెరిచి ఉన్నంతకాలం ఆ నీరు గాలికి ఆరిపోతుంది. దాని మీద గట్టి సిమెంటు, ఆపైన ప్లాస్టిక్ పొర వేస్తే నీటికి దారి మూసుకుపోతుంది. నీళ్లతో పాటు పైకి వచ్చిన ఉప్పు ఆ పొర వెనకే గడ్డకట్టి పెరుగుతూ రంగును బయటికి తోసేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ తేడా కళ్లారా చూశాం. వాన అడ్డంగా కొట్టింది. పూత లేని తూర్పు గోడ లోపలి దాకా తడిసింది, కానీ పది పదిహేను రోజుల్లో ఆరిపోయింది. పూసిన ముందు గోడ సంక్రాంతి దాకా చెమ్మగానే ఉంది.

అయితే తూర్పు గోడ అంతగా ఎందుకు తడిసింది? ఆ జవాబు పాతపట్నం నుంచి వచ్చిన ఒక ముసలి తాపీ మేస్త్రి చెప్పాడు. జేబులోంచి సైకిల్ చువ్వ ముక్క తీసి రెండు ఇటుకల మధ్య పొడిచాడు. రెండు అంగుళాలు అడ్డు లేకుండా దిగిపోయింది. బయటికి లాగితే పంచదార రాలినట్టు పొడి రాలింది. "ఇటుక ఇనుములా ఉంది బాబూ, సందులే ఖాళీ" అన్నాడు. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి గోడ మీద చల్లాడు. ఇటుక గుటుక్కున తాగేసింది. గోడకు ఇంకా ఊపిరి ఉందని అర్థం.

మేం చేసిన పనంతా ఆ సందుల దగ్గరే మొదలైంది. ముందు కొబ్బరి పీచు బ్రష్షు, మామూలు నీళ్లతో నాచు, మసి కడిగించాం. మా పెయింటరు బాత్రూమ్ యాసిడ్ కొడితే కొత్త ఇటుకలా మెరుస్తుందన్నాడు. ఒక మూల కొట్టి చూశాడు కూడా. రెండు రోజులు మెరిసింది, తర్వాత అక్కడ మరింత తెలుపు తేలింది. ఇటుకకు బట్టీలో కాలిన పై చర్మమే కవచం. యాసిడ్ అయినా, ఇసుకను గాలితో కొట్టే మిషన్ అయినా ఆ చర్మాన్నే తినేస్తాయి. దాని లోపల ఉండేది మెత్తటి గుల్ల.

తర్వాత సందుల్లో వదులైన పాత గార అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతు దాకా తీయించాం. మిషన్ కట్టర్ వాడనివ్వలేదు, అంచులు ఎగిరిపోతాయి. గోడ తడిపి సిమెంటు ఒక పాలు, సున్నం ఒక పాలు, ఇసుక ఆరు పాళ్లు కలిపిన గారతో సందులు నింపించాం, దీన్నే పాయింటింగ్ అంటారు. మన మేస్త్రులకు ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక అలవాటు. గట్టిగా ఉంటే మంచిదని వాళ్ల లెక్క. కానీ సందు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. లేకపోతే ఎండకూ వానకూ గోడ సాగి ముడుచుకున్నప్పుడు విరిగేది సందు కాదు, ఇటుక అంచు. ఆ సందును కూడా ఉబ్బెత్తుగా పెట్టించకండి, నీళ్లు దాని మీద కూర్చుంటాయి. ఇటుక మట్టానికి కొద్దిగా లోపలికి నొక్కిస్తే గీత నీడలా పడుతుంది. నన్నడిగితే ఇంటి అందం సగం ఆ నీడలోనే ఉంది. ఏడు రోజులు గోనె సంచులు తడిపి కప్పాం. తూర్పు గోడ, వెనక గోడ కలిపి ఇద్దరు మనుషులకు పదకొండు రోజులు పట్టింది.

ముందు గోడ దగ్గర మాత్రం మా పాపం మమ్మల్ని వదల్లేదు. సిమెంటు పూత చెక్కిస్తుంటే దాంతోపాటు ఇటుక ముఖాలూ ఊడివచ్చాయి. ఇక ఆ గోడను ఇటుకగా చూపించడం కుదరలేదు. అందుకే మీకు ముందే వద్దంటున్నా. ఒకసారి పూశాక వెనక్కి రాలేం. చివరికి సున్నం గార పూత వేయించి, పల్చగా నాలుగు చేతులు వెల్ల వేయించాం. తెల్లటి ముందు గోడ, పక్కన ఎర్రటి ఇటుక. అనుకోకుండా ఆ జత బాగా కుదిరింది. అరుగు అంచుకు, పునాది మట్టానికి జాజు రంగు పట్టీ వేయించింది మా అమ్మ. గుణుపూర్ పైన కొండల్లోని సవర ఊళ్లలో ఎర్రమట్టి గోడలు మీరు చూసే ఉంటారు కదా, అమ్మ మనసులో ఉన్నది ఆ ఎరుపే.

రంగు కంటే ముందు నీళ్ల దారి చూడండి. మాకు పిట్టగోడ మీద పూత పగిలి నీరు గోడ మధ్యలోకి దిగేది. సన్‌షేడ్ కింద అంచున వేలి వెడల్పు గాడి లేకపోవడంతో నీళ్లు వెనక్కి పాకి గోడ మీదికి కారేవి. ఆ గాడి చేయించడం అరపూట పని. కప్పు మీది నీళ్ల పైపు పునాది పక్కనే పడుతుంటే దాన్ని కాలువ దాకా లాగించాం.

టైల్స్ అంటిస్తామనే వాళ్లూ వస్తారు. ఆ టైల్ వెనక నీరు చేరితే మనకు కనిపించదు, అదే దాని గొప్ప. ఇటుక మీద రెడ్ ఆక్సైడ్ పూసి, సందుల మీద తెల్ల గీతలు గీసే పద్ధతి మన వైపు ఇంకా ఉంది. గోడకు పులివేషం వేసినట్టుంటుంది. మెరిసే వార్నిష్ అసలే వద్దు. నీరు కొట్టే గోడకే కావాలంటే మెరుపు లేని, నీటిని ఆపే సైలేన్ సైలాక్సేన్ రకం ద్రవం వేయించుకోవచ్చు, అది లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. మేం తూర్పు గోడకే వేశాం, అదీ పాయింటింగ్ అయిన నెల తర్వాత, బాగా ఆరాక.

మీకు మాఘం దాకా టైం ఉంది కాబట్టి టెన్షన్ పడకండి. దీపావళి దాటి వానలు వెనకబడ్డాక కడగడం మొదలుపెడితే సంక్రాంతికి సందులు, వెల్ల అన్నీ అయిపోతాయి. మిగిలిన డబ్బుతో వీధి తలుపుకు పాలిష్, కటకటాలకు ముదురు రంగు, గుమ్మం పక్కన ఒక మంచి దీపం పెట్టించండి. ఇంటి ముందు ఆగినవాళ్ల కళ్లు ముందు పడేది వాటి మీదే. తోరణాలకు, సీరియల్ లైట్లకు కొక్కేలు కూడా ఇప్పుడే బిగించేయండి. లేకపోతే పందిరి వాళ్లు దొరికిన సందులో మేకు దింపేస్తారు. చెల్లి పెళ్లికి కొట్టిన మేకు ఒకటి మా తూర్పు గోడలో ఇంకా ఉంది. లాగితే ఇటుక వస్తుందని దాని చుట్టూనే పాయింటింగ్ చేయించాం.