డార్పర్ పొట్టేలు వద్దు, ముందు ఒక కాటా కొనండి

ప్రశ్న: సార్, మాది బెంగళూరు పక్కన దేవనహళ్ళి తాలూకా. 48 నెల్లూరు జోడిపి రకం గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయి. పొట్టేలును తెచ్చి నాలుగేళ్లు దాటింది. మొదట్లో మూడు నెలల పిల్లలు వ్యాపారి కాటా మీద 13 కిలోలు తూగేవి, ఇప్పుడు 10 దాటడం లేదు. పుట్టడమే చిన్నగా పుడుతున్నాయి. పోయిన ఈతలో రెండు పిల్లలకు కింది దవడ పొట్టిగా ఉండి పాలు తాగలేక చచ్చిపోయాయి. పొట్టేలు జాతి మంచిది కాదని, లక్షా ఇరవై వేలకు డార్పర్ అనే విదేశీ జాతి క్రాస్ పొట్టేలు ఇప్పిస్తానని మందుల షాపు ఆయన అంటున్నాడు. అంతదాకా నెలకో గ్రోత్ ఇంజెక్షన్ వేయమన్నాడు. మాంసం గట్టిగా ఉందని మటన్ షాపులవాళ్లు కూడా ధర తగ్గిస్తున్నారు. డార్పర్ తెస్తే రెండూ సరిపోతాయా?

జవాబు: ఆ పొట్టేలుకు అడ్వాన్స్ ఇవ్వకండి. ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి. మీ ప్రశ్న చదివాక ఫోన్ చేసి రెండు సంగతులు అడిగాను, అసలు జవాబు ఆ రెండింట్లోనే ఉంది. 48 గొర్రెల్లో 22 మీ మందలో పుట్టినవే అన్నారు. అంటే ఆ 22కీ తండ్రి ఈ పొట్టేలే, ఇప్పుడు వాటిని దాటుతున్నదీ ఇదే. రెండోది, ఏటా బక్రీద్‌కు ముందు మందలో ఎత్తుగా, బరువుగా ఎదిగిన పొట్టేలు పిల్లల్ని ఏరి చామరాజపేట ఈద్గా మైదానం దగ్గరికి తోలుతున్నానని, మంచి ధర వస్తోందని సంతోషంగా చెప్పారు. అంటే విత్తనానికి ఉంచాల్సింది అమ్మేసి, అమ్మాల్సింది మందలో ఉంచుకుంటున్నారు.

పొట్టేలు జాతిలో తప్పేమీ లేదు. తండ్రి కూతురిని దాటితే పుట్టే పిల్లలో అంతఃప్రజననం, అంటే దగ్గరి రక్త సంబంధం వల్ల వచ్చే కలయిక, 25 శాతం ఉంటుంది, ఇది చాలా ఎక్కువ. అన్నాళ్లూ చాటున దాగి ఉన్న లోపాలు అప్పుడే బయటపడతాయి. పుట్టిన బరువు తగ్గడం, లేచి పొదుగు పట్టుకునే చురుకు లేకపోవడం, దవడ పొట్టిగా ఉండడం, మీరు రాసినవన్నీ అవే. గొర్రెకు చూడి చివర్లో మేత తక్కువైనా పిల్లలు చిన్నగానే పుడతాయి, కాదనను. కానీ మేత తక్కువైతే బయటి నుంచి కొన్న 26 గొర్రెల పిల్లలు కూడా అంతే పడిపోవాలి కదా. వాటి పిల్లలు ఎలా ఉన్నాయని అడిగితే "విడిగా చూసుకోలేదు సార్" అన్నారు.

నాకు బాధ కలిగించేది ఇదే. లక్షా ఇరవై వేలు పెట్టి పొట్టేలు కొనడానికి సిద్ధపడ్డ మనిషి దగ్గర తూకం కాటా లేదు. పిల్ల ఎంత తూగుతోందో వ్యాపారి కాటా చెప్తే తప్ప మీకు తెలియదు, ఆ కాటా ఎవరికి లాభంగా తూస్తుందో మీకే తెలుసు. చింతామణి వైపు ఒక ముసలి కాపరి చింతకొమ్మకు వేలాడే కాటా కట్టి, గోనెసంచికి నాలుగు కాళ్లు దూరేలా కంతలు కోసి, పిల్లను అందులో నిలబెట్టి తూచేవాడు, పక్కన మనవరాలు నోటుబుక్కులో రాసేది. చెవి పోగు నంబరు, తల్లి నంబరు, పుట్టిన తేదీ, పుట్టినప్పటి బరువు, ఒంటరా జంటా, మూడో నెల బరువు, ఆరో నెల బరువు, ఇంతే. నిమిషంలో ఒక పిల్ల అయిపోయేది. ఆ మందలో విత్తనానికి ఏ పొట్టేలును ఉంచాలో చెప్పడానికి నా అవసరమే రాలేదు. 50 కిలోలు తూచే వేలాడే కాటా ఖరీదు మీ ఒక్క గొర్రెపిల్ల ధర కూడా ఉండదు.

కంటితో చూసి ఏరితే ఎలా మోసపోతామో చూడండి. రెండు పిల్లలున్నాయి, రెండూ ఒంటరిగా పుట్టినవే. మొదటిది పుట్టినప్పుడు 3 కిలోలు, 80వ రోజున 12.6. రెండోది పుట్టినప్పుడు 2.5, 100వ రోజున 13.5. పక్కపక్కన నిలబెడితే రెండోదే పెద్దగా కనిపిస్తుంది. లెక్క ఇలా వేయాలి: ఇప్పటి బరువులోంచి పుట్టిన బరువు తీసేసి, వయసు రోజులతో భాగించి, 90తో గుణించి, పుట్టిన బరువు మళ్లీ కలపాలి. మొదటిది 13.8 వస్తుంది, రెండోది 12.4. పెద్దగా కనిపించినది నిజానికి దాదాపు కిలోన్నర వెనకబడి ఉంది. జంటగా పుట్టినవాటిని జంటలతోనే పోల్చండి, తొలిచూలు గొర్రె పిల్లను తొలిచూలు పిల్లతోనే పోల్చండి. జంట పిల్ల సగం పాలతోనే పెరిగి ఒంటరి పిల్లకు దగ్గరగా వచ్చిందంటే దాన్ని అస్సలు వదలకండి. ఎదుగుదల ఓ మోస్తరుగా తండ్రి నుంచి పిల్లలకు దిగుతుంది, పొట్టేలు ఒక్కటే ఏడాదికి పాతిక ముప్పై పిల్లలకు తండ్రి అవుతుంది, అందుకే పొట్టేలు ఎంపికలో చేసిన తప్పు మందంతా కనిపిస్తుంది. ఈతకు 20 పొట్టేలు పిల్లలు వస్తే ఆరో నెల తూకంలో పైన నిలిచిన రెండింటిని పక్కన పెట్టి, బక్రీద్‌కు మూడో దాని నుంచి తోలండి. ఆ రెండింటికీ వ్యాపారి ఎంత ఎక్కువ చెప్పినా ఇవ్వకండి. ఇంకో మంద రైతుతో వాటిని మార్చుకుంటే మీకు కొత్త రక్తం డబ్బు పెట్టకుండానే వస్తుంది.

ఇప్పుడున్న పొట్టేలును మాంసానికి అమ్మేయండి. దవడ లోపం బయటపడింది కాబట్టి ఇంకో రైతుకు విత్తనానికి మాత్రం అమ్మకండి, ఆయన మందా మీ మందలాగే అవుతుంది. ఆ రెండు పిల్లల తల్లుల్ని, వాటి తోబుట్టువుల్ని కూడా తీసేయండి. మిగతా కూతుళ్లను అమ్మాల్సిన పని లేదు, వాటికి సంబంధం లేని పొట్టేలును కడితే పుట్టే పిల్లలో ఈ బెడద ఒక్క ఈతలోనే పోతుంది.

కొత్తగా రెండు జోడిపి పొట్టేళ్లు తెచ్చుకోండి, 48 గొర్రెలకు ఒకటి చాలదు. ఎదిగిన పొట్టేలుకు 25 నుంచి 30 గొర్రెలు, ఏడాదిన్నర లోపు దానికి 15 నుంచి 20, అంతకు మించి వదలకండి. కోలార్, ముళబాగిలు దాటి వెళ్తే పలమనేరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల పశు పరిశోధనా స్థానం ఉంది, నెల్లూరు గొర్రెల మీద ఏళ్లుగా పని జరుగుతున్న చోటు, ముందు అక్కడ అడగండి. దొరక్కపోతే తూకాలు రాసుకునే రైతు దగ్గర కొనండి, రెండూ ఒకే మందవి కాకూడదు. కొనేటప్పుడు కొమ్ముల్ని, మెడలో గంటను చూసి మురిసిపోకుండా వెనక నుంచి చూడండి. వృషణాలు రెండూ సమంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి, ఈడు పొట్టేళ్ల కన్నా చిన్నవిగా ఉంటే వద్దు. నోరు తెరిచి కింది పళ్లు పై చిగురుకు సరిగ్గా తగులుతున్నాయో లేదో చూడండి. చివరి పక్కటెముక వెనక నడుము మీద అరచేయి పెట్టి నొక్కండి, వెన్ను ముళ్లు చేతికి గుచ్చుకోకుండా రెండు వైపులా కండ నిండుగా తగిలితే మాంసం ఉన్న పొట్టేలు అన్నమాట.

ఒక్కో పొట్టేలుకు ఒక్కో రంగు చెవి పోగు పెట్టుకుని, పసుపు పొట్టేలు కూతుళ్లకు పసుపు పోగు, నీలం దాని కూతుళ్లకు నీలం పోగు వేసి, పసుపు కూతుళ్లను నీలానికి, నీలం కూతుళ్లను పసుపుకు వదలండి. రెండేళ్లకు రెండింటినీ మార్చేయండి. కలిపి ఉంచేది 42 రోజులే. గొర్రె 17 రోజులకోసారి ఎదకు వస్తుంది, ఆ గడువులో కనీసం రెండు అవకాశాలు దొరుకుతాయి. పొట్టేలు రొమ్ముకు జాజు, నూనె కలిపి పూస్తే ఏ గొర్రెను దాటిందో వీపు మీద రంగు చెప్తుంది, 17 రోజులకు రంగు మార్చండి. చూడి కట్టక మళ్లీ ఎదకొచ్చి కొత్త రంగు కూడా ఎక్కువ గొర్రెల మీద పడుతోందంటే పొట్టేలులోనే లోపం ఉందని అనుమానించాలి.

వీర్యం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. కాబట్టి పొట్టేలుకు మేపు గొర్రెలతో కట్టే రోజున కాదు, 60 రోజుల ముందే మొదలవ్వాలి: రోజుకు 400 నుంచి 500 గ్రాముల దాణా. గొర్రెలకు కట్టడానికి మూడు వారాల ముందు నుంచి 250 గ్రాములు, మళ్లీ చూడి చివరి ఆరు వారాలు 250 నుంచి 300. మొక్కజొన్న 40 పాళ్లు, వేరుశనగ చెక్క 25, గోధుమ తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. మొదటి రోజే అంతా పోయకండి, 50 గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి, లేకపోతే కడుపు పులిసి చస్తాయి. పిల్లలకు 15వ రోజు నుంచి ఇదే దాణా తల్లులు దూరలేని చిన్న దొడ్డిలో పెట్టండి. నట్టల మందు పేడ పరీక్ష చేయించి వేయండి, ఆల్బెండజోల్ మాత్రం పొట్టేలు మందలో ఉన్నన్నాళ్లూ, తీసేశాక నెల దాకా వేయకూడదు, తొలి నెల చూడికి ప్రమాదం.

ఇక ఆ షాపు ఆయన సలహాలు. ఇంజెక్షన్ సీసా మీద చీటీ చించేసి ఇచ్చాడని, వేస్తున్నానని ఫోన్‌లో మీరే చెప్పారు. పేరు తెలియని మందును, మనుషులు తినే మాంసంలోకి, నెలనెలా ఎలా ఎక్కించారండీ? రక్తంలో వచ్చిన లోపానికి ఇంజెక్షన్ లేదు. వెంటనే ఆపండి, ఇంతవరకు వేసిన పిల్లల్ని ఇప్పుడప్పుడే అమ్మకండి, సీసా తీసుకెళ్లి పశువైద్యుడికి చూపించి ఎన్నాళ్లు ఆగాలో అడగండి. దాంతోపాటు ఆవులకు వాడే మినరల్ పొడి కూడా అంటగట్టాడు కదా, అది ఇంకా ప్రమాదం. అందులో ఉండే రాగి (కాపర్) లోహాన్ని గొర్రె ఆవులాగా తట్టుకోలేదు, అది కాలేయంలో నెలల తరబడి పేరుకుని ఒక్కసారిగా కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా పోసి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. డబ్బా మీద గొర్రెలకు అని రాసి ఉన్నదే కొనండి.

డార్పర్ చెడ్డదని నేననడం లేదు, దక్షిణాఫ్రికాలో మాంసం కోసమే 1930లలో తయారు చేసిన మంచి జాతి. కానీ మీకు చూపిస్తున్నది క్రాస్, తల్లిదండ్రుల కాగితం ఒక్కటీ లేదు. మొదటి తరం క్రాస్ పిల్లల్లో వచ్చే ఊపు, క్రాస్‌ను క్రాస్‌తో కడితే సగానికి పడిపోతుంది. పైగా రాగుల పైరు గడ్డి మీద, పగలంతా నడక మీద బతికే మీ మందలో ఆ పిల్లకు కావాల్సిన మేపు ఎక్కడిది?

మాంసం గట్టిదనానికి జాతి కన్నా వయసే ముఖ్యం. బక్రీద్‌కు పోగా మిగిలిన చిన్నవాటిని ఏడాదిన్నర, రెండేళ్ల దాకా మేపి షాపులకు ఇస్తున్నారు, గట్టిగా కాక ఇంకెలా ఉంటుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఇచ్చేయండి. టెంపోలో కుక్కి, ఎండలో తీసుకెళ్లి, దింపగానే కోయించకండి. బెదిరి అలసిపోయిన జీవం కండలో ఉన్న చక్కెర నిల్వ ఖర్చయిపోతుంది, కోశాక పుట్టాల్సిన పులుపు పుట్టదు, మాంసం నల్లగా జిగటగా ఉంటుంది. రాత్రి చల్లపూట తోలి, నీళ్లు పెట్టి, తెల్లారేదాకా పడుకోనివ్వండి.

కొత్త పొట్టేళ్లను తేగానే మందలో కలపకండి. నాలుగు వారాలు విడిగా కట్టి, ఆ గడువులోనే బ్రూసెల్లా (గొర్రెలు ఈసుకుపోయే అంటు జబ్బు) పరీక్షకు రక్తం పంపించండి, ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది. పారుడు రోగం టీకా, చిటుక రోగం టీకా వేసి ఉన్నాయో లేదో అడగండి, సరైన జవాబు రాకపోతే వేయలేదనే అనుకుని వేయించండి, చిటుక రోగానికి రెండు మూడు వారాలకు రెండో డోసు తప్పనిసరి. వచ్చే ఈత పిల్లల పుట్టిన బరువులు, మూడో నెల బరువులు రాసిన కాగితం ఫోటో తీసి పంపండి, విత్తనానికి ఏది ఉంచాలో అది చూసి చెప్తాను.